రచ్చమాను కాయ: పోషక విలువను ఏ తూకంతో కొలవాలి?

చైనా వంటలలో నాలుకను జివ్వుమనిపించే హువాజియావో మిరియమూ కాదు, మిరపా కాదు. నిమ్మ కుటుంబానికి చెందిన జాంథోజైలం చెట్ల ఎండుకాయల పైతొక్క అది. దాని దగ్గరి బంధువు తెలుగు కొండలకు కొత్త కాదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ అటువంటి చెట్టుకు తెలుగు పేరునే శాస్త్రనామంలో నిలిపాడు. 1820లో ముద్రితమైన ‘ఫ్లోరా ఇండికా’లోని ‘రెట్సా’ మన ‘రచ్చ’యే. కొండవాసులు దాని నీడన సమావేశమై తమ వ్యవహారాలు తీర్చుకొనేవారని ఆయన వివరించాడు. కొంకణ తీరంలో ఈ కాయను తిర్ఫళ్ అంటారు. గింజ తీసివేసి, తొక్కను కొబ్బరి నూరి వండే చేపల కూరలో వేస్తారు.

ఎండిన తొక్కలో పీచు, ఖనిజాలు ఉన్నమాట నిజమే. అయితే 100 గ్రాములకు లెక్కగట్టిన పట్టికను చూపి దీనిని పోషకాహారమనడం సరికాదు. నలుగురి కూరలో పడేది 2 గ్రాములైతే ఒక్కొక్కరికి అందేది అర గ్రాము. అంటే పట్టికలోని అంకెలో 200వ వంతు మాత్రమే.

దీని అసలు విలువ సువాసన తైలాలలోను, శాన్‌షూల్ అనే పదార్థంలోను ఉన్నది. అది స్పర్శనాడులను ప్రేరేపిస్తుంది. పెదవిపై కలిగే ఆ జిలజిల సెకనుకు సుమారు 50 కంపనలకు సమానమని లండన్ పరిశోధకులు 2013లో తెలిపారు. ఇంతటి ఘాటైన అనుభూతి ఉన్నప్పుడు కూరలో ఉప్పు తగ్గించినా రుచి నిలుస్తుందా? పరిశోధించదగిన ప్రశ్న ఇదే.

నిమ్మాడ, టెక్కలి, పలాస ప్రాంతాలకు ఈ ప్రశ్న దూరమైనది కాదు. కొబ్బరి, చేప ఇక్కడి నిత్యాహారం. పక్కనే ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. ఉప్పు తగ్గించుకోవడం ఆ రోగులకు వైద్యులిచ్చే సాధారణ సలహా. ఇటువంటి చోట ఏ దినుసునైనా ఔషధమని ప్రచారం చేయడం రోగిని చికిత్సకు దూరం చేసే అపాయకరమైన పని. రచ్చమాను కాయ మందు కాదు. పరీక్షకు నిలిస్తే ఉప్పు తగ్గించే వంటకు తోడు కాగలదు, అంతే.

కావున చింతపల్లి పరిశోధనా స్థానం వంటి కొండప్రాంత కేంద్రాలు ముందుగా ఈ చెట్లను గుర్తించి, కాయల రసాయన విశ్లేషణ, సురక్షిత మోతాదు, నిల్వలో ఘాటు తగ్గే తీరు నిర్ధారించాలి. మొక్కల పంపిణీ ఆ తరువాతి మాట. కొండ రైతుకు ఆశ చూపే ముందు ఆధారం చూపడం శాస్త్రజ్ఞుల కనీస ధర్మం.