కోడెల లెక్క సరే, గడ్డి లెక్క ఏది?

మూగజీవాల సేవా సంఘాలు ఏడాదికొకసారి తాము సాధించిన పనుల జాబితా అచ్చు వేస్తాయి. ఇన్ని కుక్కలకు ఆపరేషన్లు, ఇన్ని ఆవులకు ఆశ్రయం, ఇన్ని పక్షులకు కట్లు. 1992లో అక్కినేని అమల హైదరాబాదులో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ వంటి సంస్థల పనిని మేము తక్కువ చేయడం లేదు. రోడ్డు మీద కాలు విరిగి పడున్న కుక్కను ఎత్తుకునేవాడు మనిషే. కానీ అలాంటి జాబితా చూసినప్పుడల్లా మాకు సిరిసిల్ల పక్కనున్న వేములవాడ గుర్తొస్తుంది.

రాజన్నకు కోడె మొక్కు మా దిక్కు జనానికి కొత్త కాదు. కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి కట్టేసి పోతారు. సొంత కోడెనే దేవునికి వదిలేవాళ్లూ ఉన్నారు. అవన్నీ తిప్పాపూర్ గోశాలకు చేరతాయి. 2025 మే చివర, జూన్ మొదట్లో అక్కడ కోడెలు వరుసగా చచ్చిపోయాయి. పట్టేదానికన్నా ఎక్కువ జీవాలను కుక్కారు, పైగా వాన, బురద. ఆ తర్వాత కోడెలను రైతులకు ఉచితంగా పంచారు. మరి "ఇన్ని కోడెలను స్వీకరించాం" అనే అంకెను సాధన కింద రాయాలా, తప్పు కింద రాయాలా?

ఇన్ని కోడెలు ఎక్కడివి? ఒకప్పుడు కోడె పుడితే ఇల్లంతా సంబరం, రెండేండ్లయితే అరక కడుతుంది. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు. పాలు అమ్ముకునే ఇంట్లో మగదూడ తాగిన ప్రతి గుక్కా నష్టమే. వరి కోతకు మిషన్ వచ్చాక గడ్డి పొలంలోనే నలిగిపోతోంది, కొందరు అక్కడే కాలబెడుతున్నారు. మేత మేసే గుట్టలు క్వారీల పాలయ్యాయి. కాబట్టి ఆ మొక్కులో భక్తి కొంత, బరువు దించుకోవడం కొంత. ఈ మాటకు కొందరికి కోపం వస్తుంది, రానీ.

కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. అయినా ఆ దిక్కు ఒక ఊళ్లో, బీడీలు చుట్టిన పైసలతో మేకను కొనుక్కున్న అవ్వ మాతో అన్నది: "పారుడు రోగమొచ్చి సచ్చింది బిడ్డా. సూదులేసేటోళ్లు వచ్చిన నాడు నేను నాటేయ పోయిన. పొద్దుగూకి వచ్చేసరికి వాళ్లు పోయిన్రు." కూలీలు ఇంట్లో ఉండని వేళ వచ్చే వైద్యం ఎవరి పశువుకు?

మా పెద్దలు చెప్పేవారు, కూలివాని గొడ్డు దొర చేన్లో పడితే బందెల దొడ్డిలో పెట్టి దండుగ గుంజేవారని. 1978 సెప్టెంబరులో జగిత్యాలకు జైత్రయాత్రగా కదిలిన జనం అడిగిన వాటిలో దండుగల వాపసు కూడా ఉంది. ప్రభుత్వం వారి జవాబు: అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. గొడ్డు బాధ, కూలి బాధ అప్పుడూ ఒకే గుంజకు కట్టి ఉన్నాయి.

కోడెలను పంచేటప్పుడు పట్టా పాసుపుస్తకం అడిగితే కౌలుదారు ఏం చూపాలి? భూమిలేని కూలి ఏం చూపాలి? కోడెతో పాటు గడ్డికి సాయం చేస్తే సాకడానికి వాళ్లు సిద్ధమే. ఇక సంఘాలవారు, గోశాలలవారు వచ్చే ఏటి జాబితాలో మూడు అంకెలు కలపాలి. తీసుకున్నవాటిలో ఏడాది గడిచాక బతికున్నవి ఎన్ని? ఎండకాలానికి నిల్వ పెట్టిన గడ్డి ఎంత? తెల్లవారుజామున పేడ ఎత్తే కూలికి నెలకు ముట్టేది ఎంత?