జీతం స్లిప్పు మీద పని గంటలూ ఉండాలి

హబ్సిగూడ, తార్నాక, నాచారం, రామంతాపూర్ కాలనీల్లోని ఐటీ ఉద్యోగులకు, వాళ్ల కోసం అన్నం మూతపెట్టి ఎదురుచూసే పెద్దలకు, రేపోమాపో క్యాంపస్ సెలెక్షన్లకు కూర్చోబోయే ఉస్మానియా విద్యార్థులకు ఈ విన్నపం.

మీ జీతం స్లిప్పు ఒకసారి తీసి చూడండి. బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, పీఎఫ్, వృత్తి పన్ను, టీడీఎస్ అన్నీ పైసలతో సహా ఉంటాయి. ఆ జీతానికి ఆ నెల ఎన్ని గంటలు పనిచేశారో మాత్రం ఎక్కడా ఉండదు. ఆ ఒక్క గడి చేర్చాలని, అది కంపెనీ దయగా కాక ప్రభుత్వ ఆదేశంగా రావాలని మేం అడుగుతున్నాం.

మన రాష్ట్రంలో అమల్లో ఉన్న దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని అందులోని సెక్షన్ 16 చెప్పింది. 2025 జులైలో వాణిజ్య సంస్థలకు రోజు పరిమితిని 10 గంటలకు పెంచినప్పుడు కూడా వారానికి 48 దాటకూడదనే అన్నారు. అయితే ఐటీ, ఐటీఈఎస్ కంపెనీలకు ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచే ఈ సెక్షన్ నుంచి మినహాయింపు ఉంది. ఉద్యోగిని తొలగించే పద్ధతి చెప్పే సెక్షన్ 47లోని ముఖ్యమైన భాగాల నుంచీ ఉంది. ప్రభుత్వాలు మారినా ఆ మినహాయింపును పొడిగిస్తూనే వచ్చారు.

చాలామందికి తెలియనిది ఒకటుంది. ఆ మినహాయింపు షరతులతో ఇచ్చింది. వారానికి 48 గంటలే పని, దాటితే ఓవర్‌టైమ్ చెల్లించాలి, వారానికో సెలవు తప్పదు, పండగపూట పనిచేయిస్తే బదులు సెలవు ఇవ్వాలి, రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్లను భద్రంగా ఇంటికి చేర్చాలి. అర్ధరాత్రి మన వీధుల్లోకి వచ్చే కంపెనీ క్యాబుల వెనక ఉన్నది ఈ చివరి షరతే. అది కంటికి కనిపిస్తుంది కాబట్టి అమలవుతోంది. గంటల షరతు ఎవరి కంటికీ కనిపించదు. అందుకే అది కాగితం మీదే ఉండిపోయింది.

లోపల జరిగేది ఇది. క్లయింటుతో ఒప్పందం రోజుకు ఎనిమిది గంటలకు. మనం పదకొండు గంటలు చేసినా టైమ్‌షీట్‌లో ఎనిమిదే నింపుతాం. ఎక్కువ వేస్తే ఎస్టిమేట్ ఎందుకు తప్పిందని మేనేజరును అడుగుతారు, ఆయన మనల్ని అడుగుతాడు. పొద్దున స్టాండప్, రాత్రి ఎనిమిదిన్నరకు అమెరికా టీమ్‌తో కాల్, శనివారం రాత్రి రిలీజ్. రాయదుర్గం నుంచి మెట్రోలో ముప్పావు గంటకు పైగా ప్రయాణం చేస్తూ ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచేవాళ్లను రోజూ చూస్తున్నాం. ఆ పని కూడా ఏ లెక్కలోకీ రాదు. తర్వాత ఎప్పుడో రేటింగ్ తగ్గించి, పనితీరు బాగాలేదని చెప్పి, రాజీనామా మెయిల్ పెట్టమంటారు. వారానికి అరవై గంటలు కష్టపడ్డానని చూపించుకోవడానికి ఆ మనిషి చేతిలో ఒక్క కాగితం ఉండదు.

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే 12 వేల మంది వరకు, తగ్గించుకుంటానని ప్రకటించింది. ఎక్కువగా మధ్యస్థాయి, పైస్థాయి ఉద్యోగులేనని చెప్పింది. పదిహేనేళ్ల అనుభవం, మీద ఇంటి లోను, బడికెళ్లే పిల్లలు ఉన్నవాళ్లు మన అపార్ట్‌మెంట్లలో ఎందరున్నారో మనకు తెలుసు.

గంటలు లెక్కపెట్టడం మన పేటకు కొత్త కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నుంచి ఉంది. మెట్టుగూడ, తార్నాక ఇళ్లలోని తాతలు కొందరు అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లే. రోజుకు తొమ్మిది గంటలు గానీ, వారానికి 48 గంటలు గానీ దాటితే రెట్టింపు వేతనం అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికులకు హక్కు ఇచ్చింది. ఇంజినీరింగ్ చదివిన మనవడికి ఆ పాటి లెక్క లేకపోవడం ఏం న్యాయం?

మేధస్సుతో చేసే పనిని గంటల్లో కొలవలేమని కంపెనీలు అంటాయి. ఆ మేధస్సునే క్లయింటుకు గంటకు ఇన్ని డాలర్లని బిల్లు వేస్తున్నారు కదా! బిల్లుకు కుదిరిన కొలత జీతం స్లిప్పుకూ కుదురుతుంది.

ఇది ఖర్చుతో కూడిన పని కూడా కాదు. గేటు దగ్గర కార్డు గీసిన సమయం, వీపీఎన్ లాగిన్, లాగౌట్ ఇప్పటికే సర్వర్లలో ఉన్నాయి. ఇంటి నుంచి పనిచేస్తూ రోజుకు 9.15 గంటలు దాటుతున్న ఉద్యోగులకు ఇన్ఫోసిస్ జాగ్రత్త చెబుతూ ఈమెయిళ్లు పంపిందని 2025లో పత్రికల్లో చదివాం. మంచి పనే. ఆ అంకె మెయిల్‌లోకి రాగలిగితే స్లిప్పులోకీ రాగలదు. స్పెయిన్ 2019 మేలో ప్రతి ఉద్యోగి పని గంటలనూ రోజూ నమోదు చేయడం తప్పనిసరి చేసింది. రోజు పని గంటలను కొలిచే వ్యవస్థ యజమాని పెట్టాల్సిందేనని అదే నెలలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానమూ తీర్పు ఇచ్చింది.

కంపెనీలు వేరే ఊరికి పోతాయని భయపెడితే భయపడకండి. 2013-14లో 3.23 లక్షలుగా ఉన్న తెలంగాణ ఐటీ ఉద్యోగాలు 2022-23 నాటికి 9.05 లక్షలయ్యాయి. ఇంత మంది చదువుకున్న పిల్లలు, ఇన్ని భవనాలు, ఇంత అనుభవం ఒక గడి చేర్చినంత మాత్రాన మూటకట్టి తీసుకుపోయేవి కావు.

ఆరోగ్యం మాట కూడా వినండి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. మనలో ఎవరు 55 దాటుతున్నారో ముందు తెలియాలి కదా.

కాబట్టి ప్రభుత్వానికి మా కోరిక: ప్రతి నెలా పని గంటలను, 48 దాటిన గంటలకు చెల్లించిన ఓవర్‌టైమ్‌ను జీతం స్లిప్పులో చూపే కంపెనీకే మినహాయింపు కొనసాగించాలి. సెక్షన్ 47 రక్షణలు ఐటీ ఉద్యోగులకు తిరిగి ఇవ్వాలి.

మీరు చేయాల్సింది ఒక నెలపాటు మీ గంటలు మీరే రాసుకోవడం. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, రాత్రి కాల్స్, శని ఆదివారాల పని. సొంత నోటుపుస్తకంలోనే రాయండి. కంపెనీ సిస్టంలో స్క్రీన్‌షాట్లు తీయకండి, క్లయింటు పేరు గానీ ప్రాజెక్టు పేరు గానీ రాయకండి. ఆదివారం సాయంత్రాలు హబ్సిగూడ మెట్రో స్టేషన్ కింద వినతిపత్రంతో మేం ఉంటాం. మీ పేరు లేకుండా గంటల కాగితం మాత్రమే ఇచ్చినా తీసుకుంటాం. వాటన్నిటినీ కలిపి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖకు, ఉప్పల్, సికింద్రాబాద్ ఎమ్మెల్యేలకు అందజేస్తాం. ఉద్యోగం పోతుందేమోనని మీరు సంతకానికి జంకితే, ఇంట్లో అమ్మగారో నాన్నగారో వచ్చి పెట్టవచ్చు.