లెక్క అడిగే ముందు లెక్క చెప్పాల



మన పావగడ పక్క దుడ్డును ‘లెక్క’ అంటాం. ‘చేతిలో లెక్క లేదప్పా’ అంటే డబ్బు లేదని. దుడ్డుకూ, దాని జమాఖర్చుకూ ఒకటే మాట మనకు. ఊళ్ళో నీళ్ళ ఫిల్టరు నడుపుతున్న చిన్న ట్రస్టు కోసం ఆన్‌లైన్లో చందా ఎత్తాలని గ్రూపులో వారం నుంచీ మాట్లాడుకుంటా ఉన్నాం. ఏ యాప్‌లో పెట్టాల, వీడియో ఎవరు తీయాల అనే దాని మీదే మాటంతా. జమాఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకే ఇది రాస్తున్నాం.

మొదట, దేనికి అడుగుతున్నాం? తాగే నీళ్ళల్లో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాల, వేరే దారి లేకుంటే 1.5 దాకా సరే అని మన దేశ ప్రమాణం. మన తాలూకా బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పే పని లేదు, గార పళ్ళు, పట్టేసిన మోకాళ్ళు లేని వీధి ఏది? ఆర్‌ఓ మిషను పెట్టేదానికి దాతలు దొరుకుతారు, రాయి మీద పేరు పడుతుంది కాబట్టి. మెంబ్రేను మార్చేదానికి, కరెంటు బిల్లుకు, మిషను చూసుకునే మనిషి జీతానికి ఎవరూ రాయి వేయించరు. మిషన్లు మూలపడేది అక్కడే. కాబట్టి కొత్త మిషను వద్దు. ఉన్న మిషను మూడేళ్ళు నడిచే ఖర్చు అడుగుదాం. ఏ పద్దుకు ఎంతో విడివిడిగా రాద్దాం.

రెండోది, గడువు. 1921 మార్చి ఆఖర్లో బెజవాడలో కాంగ్రెసు కమిటీ కూర్చుని తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, జూన్ 30 లోపల అని తీర్మానించింది. ఎంతో, ఎప్పటికో రెండూ జనానికి తెలుసు. కోటి వచ్చింది. ‘మీకు తోచినంత, వీలైనప్పుడు’ అని అడిగితే ఎవరికీ తోచదు, ఎవరికీ వీలు కాదు.

మూడోది, ఫోటోలు. పిల్లల పళ్ళు దగ్గరగా తీసి పెడితే జనం కరుగుతారని ఒక తమ్ముడు అన్నాడు. కరుగుతారు, నిజమే. ఆ ఫోటో నలభై గ్రూపులు తిరిగి, ఐదారేళ్ళ తర్వాత ఆ పాప పెళ్ళి మాటల దగ్గర బయటపడితే ఎవరు జవాబు చెప్పాల? నీళ్ళ పరీక్ష రిపోర్టు పెడదాం. అది చాలు.

నాలుగోది, ఎవరి ఖాతా? ఎవరి సొంత ఫోన్‌పే నంబరూ వద్దు, ట్రస్టు పేరున్న బ్యాంకు ఖాతా ఒకటే. 80జి ఉందో లేదో ముందే చూసుకోవాల. ఉన్నా, రెండు వేలు దాటిన నగదుకు మినహాయింపు రాదు. తిరుమణి సోలార్ పార్కు కంపెనీల సీఎస్‌ఆర్ అడుగుదామంటే ట్రస్టుకు సీఎస్‌ఆర్-1 నమోదు కావాల. అమెరికాలో ఉన్న మన పిల్లల్లో ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇస్తే, ఓసీఐ కార్డున్నా, అది విదేశీ చందా కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేని ట్రస్టు దాన్ని తాకకూడదు. తెలియక తీసుకున్నాం అంటే చట్టం వినదు.

మేము చదివింది తమిళ మీడియం. ఆ పక్క పేరావూరణి ప్రాంతంలో ‘మొయి విరుందు’ అని ఉంది. కష్టంలో ఉన్నవాళ్ళు విందు పెడతారు, వచ్చినవాళ్ళు తిని దుడ్డు పెడతారు, ప్రతి పైసా నోటుబుక్కులో ఎక్కుతుంది. రేపు వాళ్ళింట్లో విందైతే తిరిగి పెట్టాల. మన పెళ్ళిళ్ళ చదివింపులూ అదే పద్ధతి, పేరు చదివి, పుస్తకంలో రాసి తీసుకుంటాం. తీసుకున్నవాళ్ళు దాన్ని బాకీగానే చూస్తారు. మన చందాకు బాకీ ఏమిటంటే జమాఖర్చే. నెలనెలా వచ్చింది ఇంత, పోయింది ఇంత, బిల్లు ఇదీ అని గ్రూపులో పెట్టాల.

‘మనవాళ్ళేగా, నమ్మకం చాలదా?’ అంటారు కొందరు. రైల్వే కౌంటర్లో మాకు కూడా నమ్మకం ఉండేది. అయినా డ్యూటీ దిగే ముందు టికెట్ల నంబర్లూ, పెట్టెలో నగదూ సరిపోవాల. తక్కువైతే మా జేబులోంచే. మా మీద అనుమానంతో పెట్టిన నియమం కాదది. దాని వల్లే మేము తలెత్తుకుని ఇంటికి పోయేది. ట్రస్టు నడిపే పిల్లలకు కూడా ఆ నిశ్చింత ఇవ్వాల.

వచ్చే మీటింగుకు మూడు కాగితాలు తెండి: ఖర్చు పద్దులు, నీళ్ళ పరీక్ష రిపోర్టు, ట్రస్టు బ్యాంకు పాస్‌బుక్కు నకలు. అవి బల్ల మీదికి వచ్చినాకే లింకు బయటికి పోనీ. పుస్తకం రాసే పని ఎవరికీ ఇష్టం లేకుంటే మాకివ్వండి, రాస్తాం.