షెడ్డులో దొరకని బగ్

మిన్నియాపొలిస్‌లో జనవరి నెల, పొద్దున ఆరున్నర. బయట మైనస్ 24. ఆఫీసుకి బయల్దేరి కారు రిమోట్ నొక్కితే మూడు డోర్లు టక్‌మన్నాయి. డ్రైవర్ డోర్ మాత్రం ‘ఊఁ’ అని మూలిగి ఊరుకుంది. చేసేదేముంది, అవతలి డోర్ నుంచి ఎక్కి, గేర్ మీదుగా పాక్కుంటూ నా సీట్లోకి చేరా. లోపలి హ్యాండిల్ లాగినా అది రాలేదు. మొదట నవ్వొచ్చింది. హైవే మీద మంచుకి జారి, అవతలి వైపు గోడకి ఆనుకుని కారు ఆగిపోతే ఎలా దిగాలి అనిపించాక నవ్వు ఆగిపోయింది.

వీడియో కాల్‌లో అమ్మకి చెప్తే, “కాసిని వేడినీళ్లు పొయ్యరా, అదే వస్తుంది” అంది. ఖమ్మం ఎండల్లో ఉన్న మనిషి, ఆవిడ తప్పేం లేదు. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. చల్లటి అద్దం మీద వేడినీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది. పగలకపోయినా ఆ నీళ్లే తాళం లోపలికి దిగి మళ్లీ గడ్డకడతాయి.

శనివారం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లా. హీటర్ ఉన్న షెడ్డులో గంటసేపు పెట్టి రిమోట్ నొక్కాడు. నాలుగు డోర్లూ టక్. “బానే ఉంది కదా!” అన్నాడు. మా ఆఫీసులో రోజూ వినే మాటే: నా మెషీన్‌లో పనిచేస్తోంది! అయినా అనుమానంగా ఉంటే యాక్చువేటర్ మార్చేద్దాం, 380 డాలర్లు అవుతుందన్నాడు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశా. చలిలో వచ్చే బగ్‌ని వెచ్చటి షెడ్డులో వెతికితే ఏం దొరుకుతుంది?

ఆదివారం పొద్దున, రాత్రంతా బయటే ఉన్న కారు దగ్గరికి నేనే వెళ్లా. నాలుగు డోర్లూ మొరాయిస్తే కారు బ్యాటరీ, ఫ్యూజు, రిమోట్‌లోని బిళ్ల బ్యాటరీ చూడాలి. చలికి బ్యాటరీల బలం తగ్గుతుంది. ఒక్క డోరే మొరాయిస్తోంది కాబట్టి గొడవ ఆ డోర్లోనే ఉంది. లోపల చిన్న మోటార్, ప్లాస్టిక్ గేర్లు, తాళాన్ని కదిపే రాడ్ ఉంటాయి. కరెంట్ ఒకవైపు పారితే లాక్, తిరగేస్తే అన్‌లాక్. అంతే.

మోటార్ మూలిగిందంటే కరెంట్ అందుతున్నట్టే. అసలు చప్పుడే లేకపోతే, కీలు దగ్గర రబ్బరు గొట్టంలోంచి డోర్లోకి వెళ్లే వైర్లని అనుమానించాలి. డోర్ తీసి వేసినప్పుడల్లా అవి వంగుతుంటాయి, చలికి బిగుసుకుని తెగొచ్చు. తర్వాత మామూలు తాళంచెవి పెట్టి తిప్పా. చేత్తో తిప్పినా బిరుసుగానే ఉంది. అంటే పాపం మోటార్‌ది కాదు, లోపల ఏదో బిగుసుకుపోయింది. ఇంకో మాట, పని చెయ్యట్లేదని రిమోట్ పదిసార్లు నొక్కకండి. ప్లాస్టిక్ గేర్ల పళ్లు అరిగిపోతే అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి.

హీటర్ వేసి అరగంట తిరిగితే డోర్ తెరుచుకుంది. అప్పుడు కనబడింది అసలు సంగతి. డోర్ అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న కన్నాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోయాయి. ప్లాస్టిక్ టై పెట్టి పొడిస్తే గ్లాసెడు నీళ్లు కారాయి! అద్దం అంచు నుంచి దిగిన నీళ్లన్నమాట. ఆ తేమే లాచ్‌లో గడ్డకడుతోంది, దానికి తోడు పాత గ్రీజు చలికి మైనంలా అయిపోయింది. లాచ్‌లోని పాత జిడ్డు కడిగి, ఆరబెట్టి, తెల్ల లిథియం గ్రీజు స్ప్రే కొట్టా. డోర్ చుట్టూ ఉండే రబ్బరుకి సిలికాన్ రాశా. మొత్తం ఖర్చు 17 డాలర్లు.

నిన్న మైనస్ 22. మిగతా మూడింటి కంటే అర సెకను లేటుగా, కానీ టక్‌మంది.

“వేడినీళ్లు పోశావా?” అని అమ్మ అడిగింది. గ్రీజు గురించి చెప్పడం మొదలెట్టేసరికి, “ముందు టోపీ పెట్టుకో” అంది.