ఆచారం, సంచారం, నేరం



గత ఆదివారం ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే నన్ను నిలదీశారు. వారి మనుమడు నా వద్ద తెలుగు చదువుకొంటున్నాడు. “ఒకచోట తప్పైనది మరొకచోట ఒప్పవుతుందని పిల్లలకు చెప్పారట. పంతులుగారూ, ఈ పాశ్చాత్యుల సిద్ధాంతాలు పసివాళ్ల తలకెక్కిస్తే రేపు వాళ్లకు పాపభీతి మిగులుతుందా?” అని వారి ప్రశ్న. వారికి నేనిచ్చిన సమాధానాన్నే కొంచెం విస్తరించి వ్రాస్తున్నాను. ఏలననగా ఈ మాట వారొక్కరిదే కాదు. నాతో పనిచేసిన ఉపాధ్యాయులలో చాలామందిది.

మొదటి సంగతి. ఇది పాశ్చాత్యుల సిద్ధాంతమా? బౌధాయన ధర్మసూత్రం తెరచి చూడండి. దక్షిణాది ఆచారాలు ఐదు, ఉత్తరాది ఆచారాలు ఐదు, ఒకరివి మరొకరికి పొసగనివి ఆయన లెక్కపెట్టాడు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడటం దక్షిణాది లెక్కలో ఉంది. ఉన్ని అమ్మడం, సముద్రయానం చేయడం ఉత్తరాది లెక్కలో ఉన్నాయి. ఎక్కడిది అక్కడ చెల్లుతుంది, ఒకచోటిది మరొకచోట ఆచరిస్తే దోషమని ఆయన మతం. అది పొరపాటని గౌతముడు అన్నట్లు కూడా అక్కడే చెప్పాడు. అంటే ఈ వాదం మన సూత్రకారుల మధ్యనే జరిగింది.

నన్ను నిలదీసిన పెద్దమనిషి స్వయంగా మేనమామ కూతురిని చేసుకొన్నవారు. ఉత్తరాదిలో ఎన్నో ఊళ్లలో ఈ మాట చెబితే చెవులు మూసుకొంటారు. అక్కడ మేనమామ బిడ్డ తోబుట్టువుతో సమానం. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా అటువంటి సంబంధాన్ని నిషిద్ధాలలో చేర్చి, ఇరుపక్షాల ఆచారం అనుమతిస్తే చెల్లుతుందని వెసులుబాటు ఇచ్చింది. “అయ్యా, తమరు కాదంటున్న సూత్రమే తమరి పెండ్లిని నిలబెట్టింది” అని మనవి చేశాను.

రెండవ సంగతి మరింత బరువైనది. ‘చర’ ధాతువు నుండి ఆచారం పుట్టింది, దురాచారం పుట్టింది, సంచారమూ పుట్టింది. అన్నీ నడకలే. అయితే ఒకరి నడకను మరొకరు నేరమని శాసించిన కాలం ఉంది. 1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారు పూర్వం గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగి అమ్ముకొన్నవారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వపు పట్టు బిగిసింది, కరవులు వచ్చాయి. ఆ వర్తకం కూలిపోయింది. ఇల్లూ పొలమూ కలిగి ఒకచోట కుదురుగా బ్రతకడమే నీతి అనుకొన్న దొరలకు తిరిగే మనిషి దొంగగా కనిపించాడు. జాతి జాతినే నేరస్థులని నమోదు చేసి, వేలిముద్రలు తీసుకొని, అనుమతి లేనిదే కదలరాదన్నారు. స్టువర్టుపురం అటువంటి సెటిల్మెంటుగా వెలసిన ఊరే. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. చట్టం పోయింది గాని చూపు పోలేదు.

అందుకు నేనే సాక్షిని. ముప్పై యేళ్ల క్రిందట నా తరగతిలో ఒక పిల్లవాని పరీక్ష రుసుము కనిపించలేదు. నేను ఇంకెవరినీ అడగలేదు. నేరుగా వెనుక బల్లమీది ఎరుకల కుర్రవాని సంచీ వెదికాను. అందులో రెండు పుస్తకాలు, ఒక జామకాయ ఉన్నాయి. డబ్బు మరునాడు పోగొట్టుకొన్నవాని పుస్తకపు అట్టలోనే దొరికింది. ఆ కుర్రవాడు మళ్లీ బడికి రాలేదు. నాకు అమరకోశం వచ్చు, ఛందస్సు వచ్చు. ఆ బిడ్డను దొంగగా చూడటం నాకెక్కడ అబ్బిందో మాత్రం ఏ గురువూ చెప్పలేదు. పాపభీతి నాకు పుష్కలంగానే ఉండేది. ఆనాడు అది ఎందుకూ కొరగాలేదు.

“అయితే తప్పనేదే లేదా?” అని వారు మళ్లీ అడిగారు. ఎందుకు లేదు? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, సంఘం కంటికి భ్రష్టులు ఆయన, ఆయన మిత్రులు. పసిపిల్లలను రొక్కం పుచ్చుకొని ముసలివారికి కట్టబెట్టినవారు సదాచార సంపన్నులు! ఈ లెక్క తలక్రిందులని మనకెలా తెలిసింది? ఈ కట్టుబాటు ఎవరు పెట్టారు, దీనివలన ఏడుస్తున్నది ఎవరు అని కొందరు అడిగినందువలన తెలిసింది. పిల్లలకు నేను నేర్పుతున్నవి ఆ రెండు ప్రశ్నలే. రేపు వారు మేనరికాన్ని కూడా అలాగే ప్రశ్నించవచ్చు. రక్తసంబంధపు పెండ్లిళ్ల వలన బిడ్డలకు జబ్బులు వచ్చే ముప్పు పెరుగుతుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు. అడగనివ్వండి. ప్రశ్నకు తట్టుకోలేని ఆచారం మన దయ మీద ఎంతకాలం బ్రతుకుతుంది?

పెద్దమనిషి నా మాట ఒప్పుకోలేదు. మనుమని మాన్పించనూ లేదు. ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పిల్లలకు తప్పొప్పుల పట్టిక ఇచ్చి ఊరుకోకండి. ఆ పట్టిక ఎవరు వ్రాశారో, ఎప్పుడు వ్రాశారో కూడా చెప్పండి. లేకుంటే వారూ ఒకనాడు, నావలెనే, నిరపరాధి సంచీ వెదుకుతారు.

స్వస్తి.