కరెంటు పోతే కోడికూర సంగతేమిటి?

ఒకప్పుడు మన కృష్ణా డెల్టా పల్లెల్లో కోడిని కోస్తే ఆ పూటకే వండుకునేవారు. మిగిలితే ఇరుగుపొరుగుకు పంపేవారు. ఇప్పుడు పల్లెల్లోనూ ఫ్రిజ్‌లు వచ్చాయి. ఆదివారం రెండు కిలోలు తెచ్చి సగం వండి, సగం దాచడం అలవాటయింది. కనుమ, ముక్కనుమలకైతే చెప్పనక్కరలేదు. దాచుకోవడం తప్పు కాదు. ఫ్రిజ్‌ను బీరువాలా వాడడమే ముప్పు.

చల్లదనం సూక్ష్మక్రిములను చంపదు. వాటి పెరుగుదలను నెమ్మదిస్తుంది, అంతే. చల్లదనం తగ్గితే అవి మళ్లీ పెరుగుతాయి. వాసన రాలేదు కనుక మంచిదే అనుకోవడం పొరపాటు. బాగా మరిగిస్తే చాలుననేదీ పూర్తిగా నిజం కాదు. కొన్ని క్రిములు కూరలో వదిలిన విషం ఎంత మరిగించినా పోదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అంతటి వరదలో ఫ్రిజ్‌లోని తిండి పారేయాలని ఎవరూ చెప్పనక్కరలేదు. అసలు చిక్కు గాలివానకు రాత్రంతా కరెంటు పోయి తెల్లవారి వచ్చినప్పుడే. కరిగిన మాంసం మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. చూసినవారికి ఏమీ తెలియదు.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టి మంచు గడిలోనే ఉంచాలి. నాణెం మునిగి కనిపిస్తే మనం లేనప్పుడు అంతా కరిగిందని అర్థం. అప్పుడు మాంసాన్ని నమ్మరాదు.

కరెంటు పోగానే తలుపు తీయకుండా ఉంటే కింది అరల్లో చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్‌లో 48 గంటలు, సగం నిండినదానిలో 24 గంటలు నిలుస్తుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని చిన్న మంచు గడిని అంతగా నమ్ముకోరాదు.

కొట్టు నుంచి తెచ్చిన మాంసాన్ని, వండిన కూరను 2 గంటలకు మించి బయట ఉంచరాదు. మన ఎండాకాలంలో గంట దాటనీయరాదు. పచ్చిమాంసాన్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో, రసం ఇతర పదార్థాలపై కారకుండా అన్నిటికన్నా కింది అరలో పెట్టాలి. అక్కడ ఒకటి రెండు రోజులే దాచాలి. వండిన కూర మూడు నాలుగు రోజులు ఉంటుంది. అంతకు మించి దాచాలంటే సున్నాకు దిగువన 18 డిగ్రీల చల్లదనం కావాలి. పూటకు సరిపడా చిన్న పొట్లాలుగా కట్టి దాచితే, కావలసినదే తీసుకోవచ్చు. గట్టిపడిన మాంసాన్ని వంటగట్టుపై వదిలేయక, ముందురోజు రాత్రే కింది అరలోకి మార్చి కరగనివ్వాలి.

మరమ్మతుల కోసం కరెంటు తీసేటప్పుడు విద్యుత్ సిబ్బంది ముందుగా ఊళ్లో చాటించడం అవసరం. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు ఈ నాలుగు ముక్కలూ గృహిణులకు చెబితే ఎంతో మేలు.

అన్నం పరబ్రహ్మమన్న మాట నిజమే. తిండి పారేయడానికి మనసొప్పదు. కాని అనుమానమున్న కూర పారబోస్తే పోయేది కొద్ది రూపాయలు. అదే కూర తిని పసిపిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైతే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?