నిన్నటిదాకా దున్నింది ఎవరు?

ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ (1154–1189) కామన్ లాకు పునాది వేశాడని న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుకుంటారు. ఆయన పాలనలో, 1166 ప్రాంతంలో వచ్చిన ఒక విధానం పెద్దేముల్ కంది చేలకూ సంబంధించినదేనని నేనంటాను.

భూమి నుంచి అన్యాయంగా వెళ్లగొట్టబడినవాడు రాజు న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు. అక్కడ ముందుగా హక్కు పత్రాలు అడగరు. ఇరుగుపొరుగు వారిని పన్నెండుగురిని పిలిచి, ఇతని స్వాధీనంలోని నేలను తీర్పు లేకుండా లాక్కున్నారా అని అడుగుతారు. అవునంటే నేల తిరిగి అప్పగించాలి. యాజమాన్య వివాదం తరువాతి సంగతి.

అయితే ఆ తలుపు స్వతంత్రులకే తెరుచుకుంది. ప్రభువు పొలంలో వెట్టి చేసే ‘విలెయిన్‌’కు అందులో చోటు లేదు. కాలక్రమంలో ఆ మాటకే దుర్మార్గుడనే అర్థం వచ్చింది. మన సినిమాల ‘విలన్’ అదే. శ్రమించేవాడి పేరు తిట్టుగా మారడమంటే ఏమిటో మన కులసమాజానికి ఎవరూ వివరించనక్కరలేదు.

స్వాధీనాన్ని కాపాడాలన్న ఆ భావన మన 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్‌లోనూ ఉంది. భూమి పోయిన ఆరు నెలల్లోగా దావా వేస్తే యాజమాన్యంతో నిమిత్తం లేకుండా స్వాధీనం తిరిగి పొందవచ్చు. కానీ ప్రభుత్వంపై ఆ దావా చెల్లదు. ప్రభుత్వమే వెనక్కి తీసుకునే అసైన్డ్ భూముల్లో బతికే దళితులకు ఈ మినహాయింపు ఎంత బరువో ఆలోచించండి.

ఇక సాక్ష్యం మాట. హైదరాబాద్ సంస్థానపు నేలలో 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. అయితే ఊరి లెక్క వంశపారంపర్య పట్వారీ చేతిలో ఉండేది. ఆ వ్యవస్థ 1984 దాకా పోలేదు. పహాణీలో అనుభవదారు గడిలోనైనా కొందరి పేర్లు మిగిలాయి. 2020లో వచ్చిన ధరణి ఆ గడినే లేకుండా చేసింది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ కందిని కౌలు నేలలో పండించినవాడికి మాత్రం రికార్డులో గుర్తింపు లేదు.

2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, భూభారతి మొదలైంది. తేదీని గౌరవించడమంటే అనుభవదారు ఎవరో గ్రామసభలో బహిరంగంగా విచారించి రాయడమే. అయితే పలికే ఆ పన్నెండు గొంతులూ పట్టాదారులవే అయితే పాత కథే పునరావృతమవుతుంది. విచారించేవారిలో సగం మందైనా దళిత, గిరిజన వాడల వారు ఉండాలి. షెడ్యూల్డ్ కులాల, తెగల వారిని భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ నేరం రుజువు కావాలన్నా రికార్డులో ముందు వారి పేరు ఉండాలి.

హెన్రీ వేసిన ప్రశ్న సరైనదే. దాన్ని అడిగే హక్కు ఎవరికి ఉందన్న చోటే ఆయన చట్టం ఆగిపోయింది. రాజ్యాంగం ఉన్న దేశంలో మనమూ అక్కడే ఆగిపోవడానికి వీల్లేదు.